పెరటి ప్రశ్నలు: పిల్లికి కావలసింది మీ తోటకూర కాదు

ప్రశ్న: మాస్టారూ, మాది నరసన్నపేట. ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. కార్తీకంలో తోటకూర, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి వేశాను. విత్తనం చల్లి మట్టి సర్దిన రాత్రే పిల్లులు వచ్చి మడంతా గీరేసి, గలీజు చేసి పోతున్నాయి. మొలకలు వేళ్లతో సహా పైకి తేలిపోయాయి. మేం పిల్లిని పెంచడం లేదు, ఇవన్నీ వీధిలోవే. నిమ్మతొక్కలు వేశాను, కారం చల్లాను, నీలం నీళ్ల సీసాలు కట్టాను. ఏదీ పని చెయ్యలేదు. పక్కింటి పిన్ని కలరా ఉండలు వెయ్యమంటోంది. మా వారు ఫినాయిల్ అంటున్నారు. మా అత్తగారు పిల్లి మీద రాయి విసిరినా ఒప్పుకోరు, పాపం అంటారు. దీనికి తోడు మా అమ్మాయి నెల తప్పి మా దగ్గరికి వచ్చింది. ఆ మడిలో కూర దానికి పెట్టొచ్చా అని టెన్షన్‌గా ఉంది. ఎరువంటే పశువుల గత్తం, చేపలు కడిగిన నీళ్లు తప్ప ఇంకేమీ వెయ్యను.
– నరసన్నపేట నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చివర్లో మాటవరసకి రాసిన చేపలు కడిగిన నీళ్ల దగ్గరే నేను ఆగిపోయాను. కవళ్లు, కానాగంతల్లాంటి చేపలు కడిగి ఆ నీళ్లు మడికి పోస్తే మొక్కకి బలమే, కాదనను. కానీ ఆ నీసు వాసన మన ముక్కుకి తెలియకుండా పోయాక కూడా పిల్లి ముక్కుకి అందుతూనే ఉంటుంది. ఊళ్లో పిల్లులన్నిటికీ మీరు రోజూ కబురు పెడుతున్నారు! చేప, బెల్లం మురగబెట్టి చేసే మీనామృతమైనా, ఎముకల పొడి అయినా అంతే. ఆకుకూర మళ్లకి అవి మానెయ్యండి. చేపనీళ్లు పారబొయ్యలేకపోతే దూరంగా ఉన్న కొబ్బరి మొదట్లోనో మునగ మొదట్లోనో చిన్న గొయ్యి తీసి, పోసి, పైన మట్టి కప్పండి. గత్తం బాగా చివికినదైతే పేచీ లేదు.

ఇక అసలు సంగతి. పిల్లి కూర కోసం రాదు, మట్టి కోసం వస్తుంది. మలం కప్పెట్టుకోవడం దాని స్వభావం, అందుకు పొడిగా, గుల్లగా, ఖాళీగా ఉన్న నేల కావాలి. మీరేమో గత్తం కలిపి, గడ్డలు చిదిపి, మెత్తగా సమం చేసి పెట్టారు. పెరడు మొత్తం మీద దానికి అంతకంటే మంచి చోటు లేదు. కాబట్టి వాసనలతో దాన్ని తరమడం మాని, మడి పైభాగాన్ని దానికి ఇబ్బందిగా మార్చండి. గోడ ఎత్తు పెంచుదామని మాత్రం డబ్బు తగలెయ్యకండి. పిల్లికి గోడ అడ్డం కాదు, దారి.

విత్తనం చల్లిన రోజే కోళ్ల గూళ్లకి వాడే ఇనుప మెష్ తెచ్చి మడి మీద పరిచెయ్యండి. అంగుళం కన్నాలది చాలు. అంచుల్లో వంచిన తీగముక్కలు గుచ్చితే కదలదు. మొలక కన్నాల్లోంచి పైకి వస్తుంది, పిల్లి పంజాకి గీరడానికి మట్టి అందదు. కొత్తిమీర, పాలకూర కోసుకునే కూరలు కాబట్టి మెష్ అలాగే ఉన్నా నష్టం లేదు. తోటకూర వేళ్లతో సహా పీకుతారు, ముల్లంగి ఊరుతుంది. ఆ రెండు మళ్లలో మొక్క బెత్తెడు ఎత్తు రాగానే తీసెయ్యండి, లేదంటే తర్వాత తియ్యబోతే సగం మొక్కలు దానితోనే వస్తాయి. మెష్ ఖరీదనిపిస్తే కొబ్బరి ఈనెలు ఉండనే ఉన్నాయి. జానెడు ముక్కలుగా విరిచి, నాలుగు వేళ్ల ఎడంతో మడి నిండా గుచ్చండి. పిల్లి వెనక్కి తిరిగి కూర్చోవడానికి చోటు ఉండకూడదు, సూత్రం అంతే. మీరు కలుపు తీసేటప్పుడు మాత్రం కళ్లు జాగ్రత్త, వంగినప్పుడు ఈనె తగిలితే ప్రమాదం. ఈనె చివర చిన్న మట్టిముద్ద పెట్టినా సరిపోతుంది.

వంగ, టమాటా, బెండలాంటి వాటి మొదళ్లలో కొబ్బరి డొక్క ముక్కలు పరచండి. మీకు ఉద్దానం దగ్గరే, డొక్కలకి కరువు లేదు. తేమ కూడా నిలుస్తుంది. ఎండుగడ్డి మాత్రం వద్దు. గడ్డి వేస్తే మలవిసర్జన మానేసి పడక వేసుకుంటాయి, చలికాలంలో మరీను. పాత చేపల వలలు చవగ్గా దొరుకుతాయని కొందరు మడి మీద కప్పుతున్నారు. నాకు ఇష్టం లేదు. వదులు వలలో పిల్లి కాలే కాదు, పాము కూడా చిక్కుకుంటుంది. పొద్దున్నే కూర కొయ్యడానికి వెళ్లి వలలో చిక్కిన పాముని విడిపించే ఓపిక మీకుందా?

తడి మట్టి పిల్లికి నచ్చదు. ఖాళీ మళ్లకి సాయంత్రం నీళ్లు పెడితే రాత్రి కొంత నయం. అయితే నారుమడిని అదే పనిగా తడిపితే నారుకుళ్లు వస్తుంది, వంగనారు, టమాటానారు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయి. అక్కడ మెష్ మీదే ఆధారపడండి.

ఒక చోటు మూసినప్పుడు ఇంకో చోటు తెరవాలి. పెరటి చివర, వాన తగలని మూల, పొడి ఇసుక రెండు తట్టలు పొయ్యండి. మడిలోంచి తీసిన మలం కొంచెం మొదట్లో అక్కడ పెడితే ఆ వాసనకి అటు అలవాటు పడతాయి. మడిలో ఉన్నదాన్ని చుట్టూ మట్టితో సహా పారతో ఎత్తెయ్యాలి, వాసన మిగిలితే అక్కడికే తిరిగి వస్తాయి. ఎత్తిన దాన్ని గత్తం గోతిలో మాత్రం వెయ్యకండి.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. మన పెరళ్లలో కలుపుగా మొలిచే కుప్పింటాకు, కొందరు మురిపిండి అంటారు, దాని వేరు పిల్లులకి మహా ఇష్టం. వేరు బయటపడితే నములుతాయి, దాని మీద పడి దొర్లుతాయి. కలుపు పీకి మడి గట్టు మీదే పడేస్తే పిల్లిని పిలిచినట్టే. కుప్పింటాకు పీకిన వెంటనే దూరంగా పారెయ్యండి.

మీరు చేసిన ప్రయత్నాల గురించి ఎక్కువ చెప్పను. నిమ్మతొక్క వాసన ఎండేదాకానే. కారం ఒక్క తడికి కొట్టుకుపోతుంది, పోకముందు పిల్లి కళ్లకీ మీ చేతులకీ మంట. నీలం నీళ్ల సీసాలు మనవాళ్లు కుక్కల కోసం గుమ్మాలకి కడతారు, ఆ సీసా పక్కనే కుక్క పడుకోవడం మీ వీధిలోనూ చూసే ఉంటారు. కలరా ఉండలు, ఫినాయిల్ మాత్రం గట్టిగా వద్దంటున్నాను. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ విషం. అది ఎర్ర రక్తకణాలని దెబ్బ తీస్తుంది, చిన్నపిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారు. తినే కూర మొలిచే మట్టిలో దానికేం పని? ఫినాయిల్‌లాంటి మందులని పిల్లి కాలేయం సరిగ్గా విరవలేదు. పాదాలకి అంటినది నాకి జబ్బుపడుతుంది. మీ వానపాములకీ చేటే.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. కంగారు వద్దు, జాగ్రత్త కావాలి. కొన్ని పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లలాంటివి వస్తాయి. బయటపడ్డ వెంటనే అవి అంటుకోవు, 1 నుంచి 5 రోజుల్లో ఆ శక్తి వస్తుంది. అందుకే మలం కనిపించిన రోజే తియ్యాలి. తేమ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన కూడా బతికి ఉంటాయి. గర్భిణికి ఆ సమయంలో మొదటిసారి సోకితే బిడ్డకి ప్రమాదం. కాబట్టి అమ్మాయిని మట్టిపనికి దూరంగా ఉంచండి, మళ్లు శుభ్రం చేసేది మీరే, అదీ తొడుగులు వేసుకుని. తోటకూర, పాలకూర కడిగి బాగా ఉడికించి పెడితే భయం లేదు. పచ్చిగా వేసే కొత్తిమీర, పచ్చి ముల్లంగి ఆ మడిలోవి అమ్మాయికి ఇప్పట్లో పెట్టకండి. మాంసం కూడా పూర్తిగా ఉడకాలి, ఆ పరాన్నజీవి సోకే దారుల్లో ఉడకని మాంసమూ ఒకటి. పరీక్ష అవసరమా అన్నది ఆమెని చూస్తున్న డాక్టరు గారిని అడగండి.

ప్రశ్న: మా మేడ మీద గ్రో బ్యాగుల వెనక పిల్లి పిల్లల్ని పెట్టింది. తరిమేద్దామంటే జాలిగా ఉంది, ఉంచితే మొక్కలు దక్కేలా లేవు. ఏం చెయ్యాలి?
– విజయనగరం పాఠకుడు

జవాబు: ఉంచండి బాబూ. పిల్లలు తల్లిపాలు మానడానికి దాదాపు 8 వారాలు పడుతుంది. ఈలోగా బ్యాగుల్లో మట్టి కనిపించకుండా గులకరాళ్లు పేర్చండి. మీరు ఊరికే తొంగి చూస్తూ ఉంటే తల్లే వాటిని ఇంకో చోటికి మార్చేస్తుంది, మార్చాలనుకుంటే అదే ఉపాయం. అసలు పని ఆ తర్వాత ఉంది. పిల్లి గర్భం సుమారు 9 వారాలే, పాలిస్తూ ఉండగానే మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలు పాలు మానగానే తల్లిని పశువుల డాక్టరుకి చూపించి ఆపరేషన్ చేయించండి. ఎక్కడో దూరంగా వదిలేసి వస్తే ఖాళీ అయిన మేడ మీదికి ఇంకో పిల్లి చేరుతుంది.

ప్రశ్న: మా పక్కింటాయన చిలగడదుంప మడి పాడవుతోందని, ఎండుచేపలో ఎలుకల మందు పెట్టి పిల్లుల్ని చంపుతానంటున్నారు. ఆపడం ఎలా?
– బొబ్బిలి నుంచి

జవాబు: నచ్చచెబితే వినకపోతే చట్టం సంగతి చెప్పండి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువుకి విషం పెట్టి చంపడం నేరం, 5 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. మందు పెట్టిన చేపని పిల్లే తింటుందన్న హామీ కూడా లేదు. మీ కోడి తినొచ్చు, ఆయన కుక్కే తినొచ్చు.

ఇంకో మాట అడగండి. దుంపలు కొరికి ఉన్నాయా, మట్టి మాత్రమే గీరి ఉందా? పిల్లి చిలగడదుంప జోలికి పోదు. దుంప కొరికి, గట్టు పక్కన లావుపాటి కన్నం, బయట మట్టికుప్ప ఉంటే అది పందికొక్కు. ఎదిగిన పందికొక్కుని మామూలు పిల్లి పట్టలేదు కూడా. ఆయన బోను పెట్టుకోవాలి. లోపల ఎండుచేప వద్దు, పిల్లి దూరుతుంది. కాల్చిన కొబ్బరిముక్క కట్టి, సాయంత్రం కన్నం పక్కనే పెట్టమనండి.