ఎంతకీ వేడెక్కని సాకే: యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

మాంట్రియల్ ఫాంటేసియా చిత్రోత్సవంలో ‘రివర్’ అనే జపనీస్ సినిమా చూసి వచ్చిన రాత్రే కూర్చుని నువ్వు రాసిన వ్యాసం అందింది. ఆ సాయంత్రం అదే హాల్లో నీకు నాలుగు వరుసల వెనక నేనూ ఉన్నాను కనుక, నువ్వు చూసినదేమిటో, అందులో కాగితం మీదికి రాకుండా ఉండిపోయినదేమిటో నాకు కొంత తెలుసు. వ్యాసంలో ‘విచిత్రమైన’ అన్న మాట ఏడుసార్లు వచ్చింది. నీకు కలిగిన ఆశ్చర్యాన్ని ఆ మాట చెబుతోంది గాని, సినిమా చూడని మీ అమ్మకు అందులో ఏముందో చెప్పడం లేదు.

ఆ సినిమాలో, జపాన్‌లోని క్యోటో నగరానికి ఉత్తరాన కిబునే అనే లోయలో, ఏటి పక్కన ఉన్న పాతకాలపు సత్రంలో, అతిథులకు మర్యాదలు చేసే ‘మికోతో’ అనే అమ్మాయి రెండు నిమిషాలు గడిచేసరికి మళ్లీ ఏటి ఒడ్డున, మొదట నిలబడ్డ చోటనే ఉంటుంది. ఆమె ఒక్కతే కాదు, సత్రంలో ఉన్నవారందరూ అలాగే తమ తమ పాత చోట్లకు వెళ్లిపోతారు. అయితే అప్పటిదాకా జరిగినదంతా అందరికీ గుర్తుంటుంది. దీన్ని నువ్వు ‘కాలం చిక్కుకుపోతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. జ్ఞాపకం మిగులుతుందన్న సంగతి వదిలేస్తే ఆ సినిమాలో నవ్వుకు చోటే లేదమ్మా. అతిథులు అడిగిన సాకే, అంటే జపాన్ బియ్యపు మద్యం, ఎంతకీ వేడెక్కదు. తలకు పట్టించిన షాంపూ నురుగు ఎన్నిసార్లు కడిగినా మళ్లీ తల మీదే ఉంటుంది. ఎంత తిన్నా గిన్నెలో అన్నం తరగదు. రాసి ఇవ్వవలసిన గడువు నెత్తిమీదికి వచ్చి గదిలో బిగుసుకుపోయిన నవలా రచయిత మాత్రం, ఇక ఆ గడువు రానే రాదని గ్రహించి సంబరపడతాడు. ఇవన్నీ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించడం వల్ల పుట్టినవే.

మన ‘మాయాబజార్’ (1957)లో ప్రియదర్శిని పేటికను గుర్తు చేసుకో. తెరిచినవారికి తమకు ప్రియమైనదే కనిపిస్తుందని మొదటే చెప్పారు. అందుకే కృష్ణుడు తెరిచినప్పుడు శకుని కనిపిస్తే, ఎవరూ వివరించకుండానే మనకు అర్థమవుతుంది. మాయకు హద్దు గీయగలిగినవాడే ప్రేక్షకుణ్ణి ముందుగా ఊహించనిచ్చి, ఆ ఊహను చిన్నగా పక్కకు తిప్పగలడు. నీ కథల్లోని దయ్యాలు అన్నీ చేయగలవు. అందుకే వాటిని చూస్తే భయమూ కలగదు, నవ్వూ రాదు.

అయితే ఆ నియమం ఎవరి గుండెకు తగులుతున్నదన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మికోతోకు ఇష్టమైన కుర్రవాడు, ఆ సత్రంలోనే వంట నేర్చుకుంటున్నవాడు, ఫ్రాన్స్ వెళ్లిపోబోతున్నాడు. కాలం ఆగిపోతే బాగుండునని తాను మొక్కుకోవడం వల్లనే ఇదంతా జరిగిందేమోనన్న భయం ఆమెను పట్టుకుంటుంది. అప్పటినుంచి రెండు నిమిషాలన్నది హాస్యానికే పనికివచ్చే కొలత కాదు, ఆమె అతనితో గడపగలిగిన కాలం కూడా. నీ వ్యాసంలో ఆ అమ్మాయి పేరే లేదు. కాలం ఆగడానికి అసలు కారణాన్ని నువ్వు బయటపెట్టకపోవడం మాత్రం నాకు నచ్చింది.

దర్శకుడు యమగుచి జుంతా, రచయిత ఉయేదా మకోతో ఇద్దరూ క్యోటోకు చెందిన యూరప్ కికాకు అనే నాటక బృందంవారు. ఒక్కొక్క రెండు నిమిషాల ఆవృత్తిని కెమెరా ఆపకుండా, పాత్రల వెనకే మెట్లెక్కుతూ దిగుతూ తీశారు. అందుకే నటుల ఆయాసం నిజంగా వినిపిస్తుంది. షూటింగు రోజుల్లో మంచు పడడంతో కొన్ని ఆవృత్తుల్లో ఏటి ఒడ్డు తెల్లబడింది, కొన్నింటిలో లేదు. వాళ్లు దాన్ని దాచకుండా కథలోకే తెచ్చుకున్నారు. ఇలాంటివి గమనించడానికి రెండోసారి చూడవలసి వస్తే చూడు.

ఇంకొక సంగతి, నువ్వు తెలుగులో రాస్తున్నావు కనుక చెబుతున్నాను. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదివినవారు నటుడు మాట పూర్తి చేయకముందే నవ్వారు; నా పక్కన కూర్చున్న జపనీస్ దంపతులు ఒక్క క్షణం ఆగి నవ్వారు. జపనీస్‌లోనూ మనలాగే క్రియ చివర వస్తుంది, అవునో కాదో వాక్యం ముగిసేదాకా తెలియదు. ఆ క్షణకాలపు ఆలస్యం నీ భాషలో నీకు పుట్టుకతోనే దక్కింది. నువ్వేమో ఫలితాన్ని ముందే చెప్పేసి, కారణాన్ని తరువాత అతికిస్తున్నావు. సాకే వాక్యాన్నే తీసుకుని, ‘వేడెక్కలేదు’ అన్న మాట చిట్టచివర పడేలా నాలుగు రకాలుగా రాసి చూడు.

దీపాలు ఆరగానే హాలంతా పిల్లిలా ‘మ్యావ్’ అని అరవడం ఆ చిత్రోత్సవపు ఆనవాయితీ. దానికి నువ్వు ఒక పేజీ ఇచ్చావు, రెండు వాక్యాలు చాలు. మిగిలిన చోటు మికోతోకు ఇచ్చి, సాకే దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. పంపేముందు మీ అమ్మకు ఫోనులో చదివి వినిపించి, ఆవిడ ఎక్కడ నవ్వారో ఆ పంక్తి పక్కన పెన్సిలుతో గీత పెట్టి పంపు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి