రాయగడ కొండల్లో మెరిసే బూడిదరంగు రాయి మాలిబ్డినమేనా?

రాయగడ, కొరాపుట్ వైపు మనవాళ్లకు వచ్చే సందేహమే ఇది: చేతికి మసిలా అంటుకుంటూ మెరిసే మెత్తటి రాయి మాలిబ్డినం అనే లోహపు ఖనిజమా? చాలావరకు కాదండీ, అది గ్రాఫైట్. అక్కడి ఖోండలైట్ రాళ్లు ఒకప్పటి బంకమట్టి పొరలే. భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి ఆ మట్టిలోని కర్బనం గ్రాఫైట్‌గా మారింది.

మాలిబ్డినం, గంధకం కలిసిన ఖనిజమే మాలిబ్డినైట్. దాని పుట్టుక పూర్తిగా వేరు. భూమి పైపొరలో టన్ను రాతికి సగటున ఒకటి రెండు గ్రాములే ఉండే మాలిబ్డినం లోహం, గ్రానైట్ శిలాద్రవం చల్లబడేటప్పుడు ముందుగా గడ్డకట్టే ఖనిజాల్లో ఇమడదు. మిగిలిన ద్రవంలోనే పోగవుతూ ఉంటుంది. చివర్లో విడిపోయే వేడినీటితో పైకొచ్చి, పగిలిన రాతి సందుల్లో గంధకంతో కలిసి, క్వార్ట్జ్ చారల్లో పేరుకుంటుంది. అమెరికాలోని క్లైమాక్స్ గని ఇలాంటిదే. రాగి గనుల్లో ఉపఉత్పత్తిగానూ చాలా వస్తుంది. మన దేశంలో తమిళనాడులోని హరూర్-ఉత్తంగరై ప్రాంతంలో దీన్ని గుర్తించారు.

తేడా ఇంట్లోనే చూడొచ్చు. టైల్ వెనక, నునుపు లేని తెల్లటి వైపు గీయండి. గ్రాఫైట్ గీత నల్లగా, మాలిబ్డినైట్‌ది నీలి లేదా ఆకుపచ్చ ఛాయ ఉన్న బూడిదరంగులో పడుతుంది. అదే సైజు ముక్కలైతే మాలిబ్డినైట్ రెట్టింపు కన్నా ఎక్కువ బరువు తూగుతుంది.