ఇంటికి వచ్చిన పని, లెక్కకు రాని గంటలు

ప్రశ్న: కరోనాకు ముందు భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో పీలింగ్ పనికి వెళ్లేదాన్ని. లాక్‌డౌన్‌లో మానేశాను. తరువాత అత్తగారి అనారోగ్యం, పిల్లల చదువుల వల్ల మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు ఇంట్లోనే లేసు అల్లుతున్నాను. పనిచేసే ఆడవాళ్లు బాగా పెరిగారని పేపర్లో చదివాను. నా సంపాదన మాత్రం తగ్గింది. ఆ లెక్క నిజమేనా?
— ఒక పాఠకురాలు, నరసాపురం మండలం

జవాబు: లెక్కా నిజమే, మీ అనుభవమూ నిజమే. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం పదిహేనేళ్లు నిండిన స్త్రీలలో పనిచేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిసి 2018-19లో 24.5 శాతం ఉండగా, 2023-24 నాటికి 41.7 శాతానికి చేరారు. అయితే ఈ పెరుగుదలలో పెద్ద వాటా స్వయం ఉపాధిది. సొంత పొలంలోనో కొట్లోనో జీతం లేకుండా చాకిరీ చేసే ఇల్లాలు కూడా అందులో ఉపాధి ఉన్న మనిషే. దారం ఏజెంటుది, నమూనా ఏజెంటుది, రేటూ ఆయన చెప్పిందే అయినా, ఇంట్లో కూర్చుని అల్లే మీరూ ఆ పద్దులోకే వస్తారు. (ఆ పద్దు రాసినవారు ఒకసారి మీ వీధి అరుగుల మీద కూర్చుని చూడవలసింది.)

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మగవారికీ పని పోయింది. తేడా అంతా తిరిగి వెళ్లడంలో వచ్చింది. కరోనాకు ముందే, 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. బడులు మూతపడినప్పుడు, పెద్దలు మంచాన పడినప్పుడు పెరిగిన పని ఎవరి నెత్తిన పడిందో మీకు చెప్పనక్కరలేదు.

ప్లాంటులో షిఫ్టు దిగితే ఆ పని అయిపోయినట్టే. లేసు అలా కాదు: అన్నం ఉడికేలోగా రెండు వరసలు, అత్తగారికి మందు వేసి వచ్చి మరో వరస. ఇలా ముక్కలైన పనికి ఎన్ని గంటలు పట్టిందో ఎవరూ చూడరు కనుకనే, తీరిక వేళల్లో చేసుకునే పని అన్న సాకుతో కూలి పెరగకుండా ఉండిపోయింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది గాని, అది సరుకు పేరును కాపాడుతుందే తప్ప అల్లేవారి కూలిని నిర్ణయించదు.

ఒక వారం పాటు సూది పట్టిన వేళ, పెట్టిన వేళ పుస్తకంలో రాయండి. వచ్చిన కూలిని ఆ గంటలతో భాగించి, బస్సు ఛార్జీ పోగా ప్లాంటులో గంటకు ఎంత గిట్టేదో దానితో పోల్చండి. ప్లాంటే నయమని తేలితే, ఆ అంకె చూపించి అత్తగారి పనిలో మీ ఆయన వంతు ఎంతో ముందే మాట్లాడుకోండి. లేసే మేలనుకుంటే, అదే ఏజెంటుకు అల్లే నలుగురితో కలిసి రేటు అడగండి. ఒక్కరే అడిగితే ఆ దారం పక్కింటికి వెళ్తుంది.