నిజాంపేటకు మారాక ఫ్రంట్ లోడ్ ఎగురుతోంది, వాసన కొడుతోంది: అమ్మేయాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఉప్పల్‌లో బాగానే నడిచిన 7 కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, నిజాంపేటలో పై అంతస్తు ఫ్లాట్‌కి మారాక స్పిన్‌లో చోటు వదిలి ముందుకు జరిగిపోతోంది. గంటలో అయిపోయే వాష్ 3 గంటలు పడుతోంది, నల్ల బట్టల మీద తెల్ల చారలు, తలుపు తీస్తే వాసన. వచ్చిన టెక్నీషియన్ బేరింగ్ పోయిందన్నాడు, ఇది అమ్మేసి టాప్ లోడ్ కొనమంటారా అని అడుగుతున్నారు.

ఇప్పుడే అమ్మకండి. నేనుండేది మియాపూర్‌లో. మా అపార్ట్‌మెంట్‌లో బోరు, ట్యాంకర్, సంపు గోల చూసే పని నా మీద పడ్డప్పటి నుంచి ఎవరింట్లో వాషింగ్ మెషిన్ మొరాయించినా ముందు నన్నే పిలుస్తున్నారు. ఇన్ని ఇళ్లలో చూశాక నాకు అనిపించేదేంటంటే, మెషిన్ నిజంగా పాడైన సందర్భాలు తక్కువ. ఎక్కువసార్లు తప్పు నీళ్లదో, నేలదో, పైపు పెట్టిన తీరుదో అయి ఉంటుంది. మీ నాలుగు కంప్లయింట్లూ ఇల్లు మారాకే మొదలయ్యాయి కాబట్టి నా అనుమానం ముందు ఇంటి మీదే.

డబ్బుతో పని కాబట్టి ముందు బేరింగ్ సంగతి చూద్దాం. ప్లగ్ తీసేసి ఖాళీ డ్రమ్ముని చేత్తో మెల్లగా తిప్పండి, గరగరమంటుందేమో వినండి. తర్వాత డ్రమ్ము పై అంచుని లోపలి వైపు నుంచి పట్టుకుని పైకి ఎత్తి చూడండి. డ్రమ్ము, దాని చుట్టూ ఉండే టబ్, తలుపు దగ్గరి రబ్బరు గాస్కెట్ అన్నీ కలిసి కదిలితే కంగారేం లేదు, టబ్ స్ప్రింగుల మీదే వేలాడుతుంది కాబట్టి అలా ఊగడం మామూలే. టబ్ కదలకుండా లోపలి స్టీల్ డ్రమ్ము ఒక్కటే టకటకా ఆడుతుంటే అప్పుడు బేరింగ్ మాట నమ్మొచ్చు. బేరింగ్ పోతే మామూలుగా స్పిన్ వేగం పెరిగేకొద్దీ హోరు కూడా పెరుగుతుంది. మీరేమో హోరు గురించి ఒక్క ముక్క రాయలేదు, ఎగరడం గురించే రాశారు. ఒకవేళ నిజంగా బేరింగే అయితే పైసలు ఇచ్చే ముందు ఒకటి అడగండి: కొన్ని మోడళ్లలో టబ్ రెండు సగాలనీ అతికించేసి ఉంటారు, అందులో బేరింగ్ ఒక్కటే మార్చడానికి కుదరదు, టబ్ మొత్తం మార్చాలి. మీది ఆ రకమా కాదా తెలిశాకే బేరం ఆడండి.

ఇక ఎగరడం. షిఫ్టింగ్ చేసినవాళ్లు ట్రాన్సిట్ బోల్టులు పెట్టారా? మెషిన్ కొత్తగా వచ్చినప్పుడు వెనక వైపు నుంచి తీసేసే పొడవాటి బోల్టులు అవి, మోడల్‌ని బట్టి 3 లేదా 4 ఉంటాయి, తీశాక ఆ రంధ్రాలకి ప్లాస్టిక్ మూతలు పెడతారు. కాంక్రీటు బరువులు బిగించిన టబ్ బండిలో ఊగిపోకుండా పట్టి ఉంచడమే వాటి పని. చాలామంది ఇళ్లలో అవి ఏ డబ్బాలో ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు. బోల్టులు లేకుండా డీసీఎంలో వేసి గుంతల రోడ్ల మీద తీసుకొస్తే కింద ఉండే షాక్ అబ్జార్బర్లు, పైన స్ప్రింగులు దెబ్బతినే అవకాశం ఉంది. చూడటం సులువే, డ్రమ్ము అంచు మీద చెయ్యి పెట్టి బలంగా కిందికి నొక్కి వదిలేయండి. ఒకసారి పైకొచ్చి ఆగిపోతే షాకర్లు బాగున్నట్టు, ఆగకుండా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటే మార్చాల్సినవి అవే. మామూలుగా బేరింగ్ పని కంటే ఇది చాలా చిన్న రిపేరు. దీనికి పూర్తిగా ఉల్టా కేసు కూడా మా బ్లాకులోనే చూశాను: ప్యాకర్స్ జాగ్రత్తగా బోల్టులు బిగించి తెచ్చారు, కొత్త ఇంట్లో ఎవరూ విప్పలేదు, మొదటి స్పిన్‌కే ఇల్లంతా అదిరిపోయింది. వెనక్కి తిప్పి ఒకసారి చూసుకోండి, పోయేదేముంది.

షాకర్లూ బోల్టులూ బాగానే ఉంటే నేల చూడాలి. మన ఫ్లాట్లలో వాష్ ఏరియా అంటే నీళ్లు జాలీ వైపు పోవడానికి వాలు ఇచ్చి వేసిన టైల్సే కదా, దాని మీద మెషిన్ పెట్టి, కింద మళ్లీ చక్రాల స్టాండు పెడతారు. ఆ స్టాండు ఉంటే ముందు దాన్ని తీసేయండి, ఊడ్చుకోవడానికి వీలుగా ఉంటుందని ఇంట్లో పేచీ పెట్టినా సరే. టైల్ మీద వేలితో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే ఆ టైల్ మీద మెషిన్ కాలు పెట్టొద్దు. మెషిన్ పైన ఎదురెదురు మూలల్ని ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి, కటకటమని ఆడితే ఏదో ఒక కాలు గాల్లో ఉందన్నమాట. కాళ్లు తిప్పి రసమట్టంతో లెవెల్ చేయండి, అది లేకపోతే ఫోన్‌లో యాప్ ఉన్నా చాలు. చాలామంది మర్చిపోయేది దీని తర్వాతి పని: ఒక్కో కాలికి ఉండే లాక్ నట్టుని పైకి, మెషిన్ బాడీకి ఆనేదాకా బిగించాలి. అది బిగించకపోతే కొన్నాళ్లకు అదురుడుకి కాలు మళ్లీ తిరిగిపోతుంది. ఇంకో మాట, ఒక్క దుప్పటి వేసి స్పిన్ తిప్పితే ఏ మెషినైనా ఎగురుతుంది, నీళ్లు పీల్చిన దుప్పటి ఒకే వైపు ముద్దగా చేరుతుంది కాబట్టి. తోడుగా రెండు టవళ్లు వేయండి. ఎల్‌జీ మెషిన్‌లో యూఈ అని కనిపిస్తే దాని అర్థం ఇదే, బరువు ఒక పక్కకి చేరిందని.

3 గంటలు పట్టడానికి నాకు రెండు కారణాలు తోస్తున్నాయి. మీది పై అంతస్తు, ట్యాంకు మీ నెత్తి మీదే. విచిత్రంగా ఉంటుంది గానీ, అందరికంటే దగ్గరున్న మీకే ప్రెషర్ అందరికంటే తక్కువ. 10 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. మీకూ ట్యాంకుకీ మధ్య 3 మీటర్లు ఉన్నా వచ్చేది 0.3 బార్. కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి కనీసం 0.3 అనో, 0.5 అనో, 1 బార్ అనో మాన్యువల్‌లో ఉంటుంది, మీ మెషిన్‌ది ఎంతో చూడండి. బకెట్ లెక్క కూడా ఉంది: మెషిన్‌కి ఇచ్చిన కుళాయి పూర్తిగా తిప్పితే నిమిషానికి 8 లీటర్ల దాకా రావాలి. అంతకంటే బాగా తక్కువ వస్తుంటే ముందు ఇన్‌లెట్ పైపు విప్పి, మెషిన్ వైపు ఉండే చిన్న జల్లెడని పాత టూత్‌బ్రష్‌తో కడగండి, ట్యాంకర్ నీళ్ల మట్టితో అది పూడుకుపోతూ ఉంటుంది. అయినా ధార సన్నగానే ఉంటే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే లైన్‌కి చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి. జలమండలి నల్లా లైన్‌కి మాత్రం నేరుగా మోటార్ పెట్టొద్దు, పట్టుకుంటే మోటార్ కూడా తీసుకుపోతారు.

రెండో కారణం డ్రెయిన్ పైపు. దాన్ని నేల మీద జాలీలో పడేసి ఉంటే మెషిన్ లోపలికి తీసుకున్న నీళ్లు తీసుకున్నట్టే జారిపోతాయి, అది నింపుతూనే ఉంటుంది, టైమ్ కదలదు. ఎక్కువ మోడళ్లకి పైపు చివర నేల నుంచి 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఎక్కి దిగాలి. గోడకి క్లాంపు కొట్టి ఆ ఎత్తులో కట్టేయండి, చివర నీళ్లలో మునిగి ఉండకూడదు.

తెల్ల చారల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉందని నా నమ్మకం. ఉప్పల్‌లో కృష్ణా నీళ్లు వచ్చేవన్నారు, ఇక్కడ బోరు, ఎండాకాలం ట్యాంకర్. మన హైదరాబాద్ కింద ఉన్నదంతా గ్రానైట్ రాయి, ఆ పగుళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం చాలాచోట్ల ఎక్కువే. వీటి వల్ల వచ్చేదే కాఠిన్యం. తాగునీటికి మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరే అంటుంది. ఆర్‌ఓ ఫిల్టర్ అబ్బాయి పెన్నులాంటి మీటర్ ముంచి చెప్పేది టీడీఎస్, అంటే నీళ్లలో కరిగినవన్నీ కలిపిన లెక్క, అది కాఠిన్యం కాదు, దాన్ని చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. చుక్కలు వేసి చూసే హార్డ్‌నెస్ కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అదీ వద్దంటే సీసాలో బోరు నీళ్లు పోసి కాస్త స్నానం సబ్బు తురిమి వేసి ఊపండి, నురగ రాకుండా విరిగిన పాలలా తెట్టు కడితే నీళ్లు గట్టివే. బట్టల సబ్బుతో మాత్రం చేయకండి, ఇప్పటి డిటర్జెంట్ బార్లు ఉప్పు నీళ్లలో కూడా నురగ ఇస్తాయి, ఏమీ తెలియదు.

ఈ నీళ్లు వేడెక్కినప్పుడు సున్నం విడిపోయి హీటర్ మీద పొరలా పేరుకుంటుంది. ఆ భయంతో కొందరు ఎప్పుడూ చల్లనీళ్లలోనే ఉతుకుతారు, అప్పుడు పౌడర్ సరిగా కరగక బట్టల మీద చారలు, లోపల జిగురు, ఆ జిగురులోంచి వాసన. అంటే ఇటు పోతే సున్నం, అటు పోతే కంపు. మా ఇంట్లో కుదిరిన పద్ధతి ఏంటంటే, రోజువారీ బట్టలు 30, 40 డిగ్రీల్లో, ఫ్రంట్ లోడ్ అని రాసి ఉన్న లిక్విడ్‌తో, ఒక రిన్స్ అదనంగా పెట్టి. బకెట్‌లో చేత్తో ఉతికే పౌడర్ వేయొద్దు, ఆ నురగ డ్రమ్ముకీ టబ్‌కీ మధ్య నిండిపోతే స్పిన్ సరిగా తిరగదు. నెలకోసారి ఖాళీ డ్రమ్ముతో టబ్ క్లీన్ వేడి ప్రోగ్రామ్ నడుపుతాను. రెండు మూడు నెలలకోసారి 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి 60 డిగ్రీల్లో తిప్పుతాను, వారంటీ ఉంటే కంపెనీ చెప్పిన డీస్కేలింగ్ పౌడరే వాడండి. నిమ్మ ఉప్పు వేసినప్పుడు బ్లీచ్ మాత్రం కలపొద్దు, విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది. నీళ్ల కాఠిన్యం తగ్గిస్తాయని చెప్పి, పైపుకి బిగించే అయస్కాంతాల సాఫ్ట్‌నర్లు అమ్మడానికి అసోసియేషన్ మీటింగులకి వచ్చేవాళ్లుంటారు, నేనైతే వాటికి పైసా పెట్టను. ఉప్పు పోసి నడిపే రెజిన్ సాఫ్ట్‌నర్ నిజంగా పనిచేస్తుంది, అపార్ట్‌మెంట్ మొత్తానికి కలిసి పెట్టించుకుంటే మెషిన్లే కాదు, గీజర్లు కూడా బతుకుతాయి.

వాసనకి ఇంకో రెండు చోట్లు చూడండి. గాస్కెట్ మడతని వేళ్లతో విప్పితే లోపల నల్లటి బూజు, వెంట్రుకలు, చిల్లర దొరుకుతాయి, అడుగున చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతే అక్కడే నీళ్లు నిలుస్తాయి. ఉతికిన ప్రతిసారీ పాత గుడ్డతో తుడిచి తలుపు కాస్త తెరిచి పెట్టండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం లోపలికి దూరకుండా చూసుకోవాలి. కింద మూలన ఉండే డ్రెయిన్ ఫిల్టర్ ఎప్పుడైనా విప్పారా? ప్లగ్ తీసి, నీళ్లు చల్లారాక, వెడల్పాటి పళ్లెం పెట్టి మెల్లగా తిప్పండి. పిన్నీసులు, రూపాయి బిళ్లలు, ఒంటరి సాక్సు, ఏవైనా ఉండొచ్చు. నీళ్లు బయటికి పోవట్లేదని ఎల్‌జీలో ఓఈ, బాష్‌లో ఈ18, శాంసంగ్‌లో 5సీ అనే కోడ్ వస్తే టెక్నీషియన్‌కి ఫోన్ చేసే ముందు ఈ ఫిల్టర్ చూడండి.

హీటర్ ఉన్న మెషిన్ సుమారు 2 కిలోవాట్లు లాగుతుంది, 16 యాంప్స్ సాకెట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. తాకితే జిల్లుమంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించేదాకా ఆన్ చేయకండి. వాష్ ఏరియా ఓపెన్‌గా ఉంటే అడుగున ఎలకలు దూరకుండా జాలీ కొట్టించుకోండి, వైర్లు కొరికేస్తాయి.

టాప్ లోడ్ గురించి చివరగా. దానికి నీళ్లు ఎక్కువ కావాలి, ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఏప్రిల్, మే నెలల్లో అది చిన్న విషయం కాదు. సున్నం, చారలు దాన్ని కూడా వదలవు. కాకపోతే ఇంటి ఓనర్ ప్రెషర్ పంపు పెట్టనివ్వను అని తేల్చేస్తే, కుళాయి ధార కూడా సన్నగానే ఉంటే, అప్పుడు తక్కువ ప్రెషర్‌కి తట్టుకునే టాప్ లోడో, బకెట్‌తో నీళ్లు పోసుకునే సెమీ ఆటోమేటికో తీసుకోవడం తెలివైన పనే. అది తేలేదాకా ఈ మెషిన్‌ని ఎవరికీ బేరం పెట్టకండి.