ఫుట్‌బాల్ మస్కాట్ వేషంలో లండన్ మారథాన్: బరువు సంగతి తర్వాత, ముందు వేడి సంగతి

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్‌లో మీ ఊరి చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు నక్క మస్కాట్ ఉంది, అంటే మ్యాచ్ రోజు నక్క వేషంలో జనాన్ని ఉత్సాహపరిచే క్లబ్బు బొమ్మ. గుండె జబ్బుల ఛారిటీ ద్వారా మీకు లండన్ మారథాన్‌లో చోటు దొరికింది. మామూలు బట్టల్లో 4 గంటల 40 నిమిషాల్లో పూర్తి చేస్తారు. మ్యాచ్ రోజు వేసే 7 కిలోల వేషమే వేసుకుని పరిగెత్తొచ్చా, అంత బరువు మోయగలనా?

మోయగలరు. సేవ్ ద రైనో సంస్థ వాళ్ళ ఖడ్గమృగం వేషం దాదాపు 10 కిలోలు, 1992 నుంచి దాన్ని మోసుకుని జనం లండన్‌లో పరిగెడుతూనే ఉన్నారు. 2002లో లాయిడ్ స్కాట్ అనే ఆయన, ల్యుకీమియా (రక్త క్యాన్సర్) నుంచి బయటపడినవాడు, పాతకాలపు సముద్రపు డైవింగ్ సూటు వేసుకుని ఐదు రోజులకు పైగా నడిచి పూర్తి చేశాడు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు అవును. అయినా ఆ వేషంతో మాత్రం వెళ్ళకండి. మ్యాచ్ వేషం తొంభై నిమిషాల్లో నాలుగుసార్లు గంతులేసి, విరామంలో తల తీసి, ఫ్యాను కింద కూర్చునే మనిషి కోసం కుట్టింది. మీకు కావలసింది ఆరు గంటల వేషం.

లెక్క చూడండి. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు 1 కిలోక్యాలరీ ఖర్చవుతుంది. మీరూ వేషమూ కలిపి 75 కిలోలనుకుందాం, గంటకు 7 కిలోమీటర్లు అనుకుందాం. గంటకు 525 కిలోక్యాలరీలు. అందులో ముప్పావు వంతు, అంటే ఓ 400, ఒంట్లో వేడిగానే మిగులుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీలు పట్టుకుపోతుంది, అంటే మామూలు బట్టల్లో ఈ వేడి సమస్యే కాదు. బొచ్చుగుడ్డ, స్పాంజి, లైనింగ్ మూడూ చుట్టుకున్నాక లోపలి గాలి పది నిమిషాల్లో తేమతో నిండిపోతుంది. చెమట ఆరదు, కారుతుంది. కారిపోయిన చెమట వల్ల ఒంట్లో నీళ్ళు పోవడమే గానీ చల్లదనం ఉండదు.

"ఐస్ జాకెట్ వేసుకుంటే సరి" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. 2 కిలోల ఐసు కరిగి, ఆ నీళ్ళు ఒంటి వేడికి వచ్చేదాకా పీల్చుకునేది సుమారు 230 కిలోక్యాలరీలు. పై లెక్కలో అది అరగంట వేడి. ఆ తర్వాత ఐదున్నర గంటలు మీరు 2 కిలోల గోరువెచ్చని నీళ్ళు మోస్తారు. స్టార్టు లైను దగ్గర నిలబడే ముప్పావుగంట కోసం వేసుకుని, బయలుదేరేముందు తీసి ఇచ్చేయగలిగితే పనికొస్తుంది, లేకపోతే వద్దు. దానికన్నా మెడ చుట్టూ తడి గుడ్డ, దారిలో మీవాళ్ళు నిలబడే రెండు మూడు చోట్ల కొత్త ఐసు సంచీ నయం.

ఇక వేషం. క్లబ్బుతో మాట్లాడి "పరుగు నక్క"ను వేరుగా చేయించుకోండి. మస్కాట్ బొమ్మ క్లబ్బు సొత్తు, అందుకని కొత్తది చేయడానికీ, ఛారిటీ పోస్టర్ల మీద వాడడానికీ ఒక ఈమెయిల్‌లోనైనా రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. చాలా మస్కాట్లు క్లబ్బు జెర్సీ వేసుకునే ఉంటాయి, అదే మీకు వరం. ఒళ్ళంతా బొచ్చు అక్కర్లేదు. పైన వదులు జెర్సీ, కింద నక్క రంగు లెగ్గింగులు, బొచ్చు తలకీ తోకకీ చేతులకీ మాత్రమే. పాతిక అడుగుల దూరం నుంచి చూసే పిల్లలకు తేడా తెలియదు. మన పులివేషగాళ్ళు తెలివైనవాళ్ళు, ఒంటికి రంగు పూసుకుని తలకు మాత్రమే ముసుగు పెట్టుకుంటారు, లేకపోతే దసరా ఎండలో ఆ గంతులు వేయగలరా? బొచ్చు కూడా పొట్టిది తీసుకోండి. పొడవాటి బొచ్చు వానలో స్పాంజిలా నీళ్ళు తాగుతుంది, ఏప్రిల్ నెల లండన్‌లో వాన ఎప్పుడైనా పడొచ్చు.

అసలు కష్టమంతా తలతోనే. మ్యాచ్ తలకాయలు సాధారణంగా భుజాల మీద కూర్చుంటాయి. పరుగులో అది అడుగడుక్కీ ఎగిరి కాలర్ ఎముక మీద పడుతుంది, పది కిలోమీటర్లకే చర్మం లేచిపోతుంది. పరుగు తల లోపల సైకిల్ హెల్మెట్ బిగించి, గడ్డం కింద పట్టీతో కట్టుకునేలా ఉండాలి. మొత్తం బరువు కిలోంబావు దాటితే మెడ ఒప్పుకోదు. నక్కకు ముక్కు పొడవు కాబట్టి ఇంకో చిక్కు: బరువంతా ముందుకు లాగుతుంది. ముక్కు లోపల బోలుగా ఉంచి, ఫ్యాను నడిపే పవర్ బ్యాంకును తల వెనక భాగంలో పెడితే తూకం సరిపోతుంది.

గోడలకు అక్వేరియం ఫిల్టర్లలో వాడే రంధ్రాల స్పాంజి మంచిది, గాలి దాని గుండానే పోతుంది. మామూలు ఈవీఏ ఫోమ్ (గాలి చొరబడని మెత్తటి ప్లాస్టిక్ షీటు) వాడితే చెవుల లోపల, నెత్తి మీద కనిపించని చోట కోసి నల్ల జాలీ అతికించండి. వేడిగాలి పైకి పోతుంది కనుక ఫ్యాను నెత్తి దగ్గర, గాలిని బయటికి తోసేలా పెట్టాలి. నోటి జాలీ నుంచి కొత్త గాలి దానంతట అదే వస్తుంది. చాలామంది ఫ్యానును మొహానికి ఎదురుగా పెడతారు, అది లోపలి వేడి గాలినే తిప్పితిప్పి మొహాన కొడుతుంది. 5 వోల్టుల చిన్న యూఎస్‌బీ ఫ్యాను అర ఆంపియర్ తీసుకుంటుంది, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దానికి పది గంటలైనా వస్తుంది, అంతకన్నా పెద్దది మోయడం దండగ. వైరు కనెక్షన్ల మీద టేపు వేయండి, ఊడిపోయేది అక్కడే. అతుకులకు హాట్ గ్లూ వాడకండి, ఎండలో నిలిపిన కారు డిక్కీలో మెత్తబడి చెవులు వేలాడతాయి. కాంటాక్ట్ అడెసివ్ వాడండి.

చూపు నోటి గుండా ఉండాలి, కళ్ళ గుండా కాదు. తల నిటారుగా ఉంచినప్పుడు మీ ముందు రెండు మూడు మీటర్ల నేల కనబడాలి. కనబడకపోతే కింది పెదవి కోసేయండి, అందం తర్వాత చూసుకోవచ్చు. ఆ దారిలో స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి, నీళ్ళ స్టేషన్ల దగ్గర వందల ఖాళీ సీసాలూ కప్పులూ దొర్లుతుంటాయి. మస్కాట్లు పడేది ఎక్కువగా అక్కడే. పెద్ద బొమ్మ పాదాలు అసలు వద్దు, మీ అలవాటైన బూట్ల మీద బొచ్చు తొడుగు చాలు, అడుగు భాగం బయటికే ఉండాలి. తోకను గట్టిగా కుట్టకండి, వెల్క్రోతో అంటించండి. ఎవరో ఒకరు లాగుతారు, లాగితే తోక వాళ్ళ చేతిలోకి రావాలి గానీ మీరు వెనక్కి పడకూడదు.

తల ఎత్తు కూడా కొలవండి. 2019లో బిగ్ బెన్ గడియారం వేషం వేసిన రన్నరు 42 కిలోమీటర్లు వచ్చి ఫినిష్ లైను కమాను కింద ఇరుక్కుపోయాడు, సిబ్బంది ఒకాయన సాయం చేసి దాటించాడు. నక్క చెవులకు ఆ ప్రమాదం లేదు గానీ, రైల్లోనూ తాత్కాలిక టాయిలెట్ తలుపు దగ్గరా తెలుస్తుంది వాటి సంగతి. టాయిలెట్ అన్నాక గుర్తొచ్చింది: వీపు జిప్పు ఉన్న సూటైతే ఒంటరిగా వెళ్ళలేరు. జెర్సీ, లెగ్గింగుల వేషానికి ఆ బాధ లేదు.

తోడు మనిషి తప్పనిసరి. ఆ మనిషికి కూడా సొంత రేసు నంబరు ఉండాలి, నంబరు లేకుండా పక్కన పరిగెత్తనివ్వరు. అదే ఛారిటీ రన్నర్లలో ఆరు గంటలు పట్టే వాళ్ళెవరైనా ఉన్నారేమో ఇప్పుడే అడగండి. ఆయన పని మీ ఎడమ పక్క అర అడుగు ముందు ఉండి "గట్టు", "కుడికి", "సీసాలు" అని చెప్పడం, నాలుగు వేళ్ళ గ్లౌజుతో మీరు విప్పలేని ఎనర్జీ జెల్ ప్యాకెట్ విప్పి ఇవ్వడం, ఫోటోలకు ఆపే జనాన్ని నవ్వుతూనే కదిలించడం. మస్కాట్లు మాట్లాడకూడదన్న ఆచారాన్ని మ్యాచ్ రోజుకు దాచుకోండి. జనం హోరులో మాట వినబడదు కనుక సైగలు కూడా అనుకోండి: పిడికిలి నెత్తి మీద పెడితే బాగున్నాను, అరచేయి మెడకు పెడితే తల తీయాలి. ప్రతి 5 కిలోమీటర్లకూ ఆయన మిమ్మల్ని ఒక చిన్న లెక్క అడగాలి, 17కి 8 కలిపితే ఎంత అన్నట్టు. తడబడితే తల తీసేసే అధికారం ఆయనదే, మీతో చర్చ ఉండదు. వడదెబ్బ తగిలినవాడికి తనకు తగిలిందని తెలియదు. మాట తేడా పడటం, తూలడం, చిరాకు, ఉన్నట్టుండి చలి వేయడం ఇవే గుర్తులు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మతి తప్పిందంటే అది ప్రాణాపాయం. ఆసుపత్రికి తరలించడం కన్నా ముందు అక్కడికక్కడే చల్లబరచాలి: వేషం విప్పి, చల్లటి నీళ్ళలో ముంచడం లేదా ఆపకుండా నీళ్ళు పోయడం. లండన్ దారి పొడవునా సెయింట్ జాన్ ఆంబులెన్స్ అనే ప్రథమ చికిత్స సంస్థ వాళ్ళు ఉంటారు, నేరుగా వాళ్ళ దగ్గరికే.

నీళ్ళ విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. వేషంలో ఉన్నాం కదా అని స్టేషన్‌కో సీసా తాగేస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకే ఈ ముప్పు ఎక్కువ, తాగడానికి వాళ్ళకు తీరిక ఎక్కువ. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తక్కువ తేలింది. మీ కొలత మీరే తెలుసుకోండి. వేషంతో గంట పరుగుకు ముందూ తర్వాతా బట్టలు లేకుండా బరువు తూచి, మధ్యలో తాగింది కలపండి. 900 గ్రాములు తగ్గి, 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీ చెమట గంటకు 1.3 లీటర్లు. అంతా తిరిగి తాగాలని కాదు. దాహానికి తాగండి, బరువు పెరగకుండా ఉంటే చాలు. వీపు సంచీ గొట్టాన్ని నోటి జాలీ పక్కనుంచి పైకి తెచ్చి క్లిప్పు పెట్టండి, అందులో నీళ్ళతో పాటు ఉప్పు ఉన్న ఎలక్ట్రొలైట్ పొడి కలపండి. నొప్పికి ఐబుప్రోఫెన్ ఆ రోజు వద్దు. జలుబుకు వేసుకునే కొన్ని అలర్జీ మాత్రలు చెమట తగ్గిస్తాయి, రోజూ వాడే మందులేవైనా ఉంటే జీపీకి (మీ ఇంటి డాక్టరుకు) చూపించండి.

సాధనకు 16 నుంచి 20 వారాలు. అన్ని పరుగులూ వేషంలో చేస్తే నడక తీరు చెడుతుంది. ముందు తల ఒక్కటే పెట్టుకుని ఇరవై నిమిషాలు నడవండి, తర్వాత మూడు వారాలకోసారి వేషంతో పొడవు పరుగు, గరిష్ఠం 18 కిలోమీటర్లు. నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక మొదటి కిలోమీటరు నుంచే మొదలుపెట్టాలి, అలిసిపోయాక కాదు. లక్ష్యం ఆరు నుంచి ఆరున్నర గంటలు. 2018లో లండన్‌లో ఆ రోజు ఉష్ణోగ్రత 24.1 డిగ్రీలకు చేరింది. వాతావరణ సూచన 18 డిగ్రీలు దాటితే తల చేతిలో పట్టుకుని పరిగెత్తి, కట్టీ సార్క్ ఓడ, టవర్ బ్రిడ్జ్, చివరి మాల్ రోడ్డు దగ్గర మాత్రమే పెట్టుకోండి. ఫోటోలు పడేదీ అక్కడే. గిన్నిస్ రికార్డు కోసమైతే ఈ వెసులుబాటు ఉండదు, వేషం మొత్తం దూరం ఒంటి మీదే ఉండాలి, ముందుగానే దరఖాస్తు చేసి వేషం ఆమోదం పొందాలి. మీ వేగానికి అది అనవసరపు తలనొప్పి అని నా అభిప్రాయం. ఇంకోటి, ఇదే నక్కను ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు తేవాలన్న ఆలోచన వస్తే, ఆ తేమలో 5 కిలోమీటర్లు మించి వద్దు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఛారిటీ చోటుకు సాధారణంగా 2,000 పౌండ్లు, ఆ పైన పోగుచేస్తామని ఒప్పుకోవాలి, ఇప్పటికే సంతకం పెట్టి ఉంటారు. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళు ఇచ్చే ప్రతి పౌండుకూ గిఫ్ట్ ఎయిడ్ కింద 25 పెన్నీలు అదనంగా ఛారిటీకి వెళ్తాయి, ఆ పెట్టెలో టిక్ పెట్టమని అందరికీ చెప్పండి. ఇంటి దగ్గర నుంచి బాబాయిలూ పిన్నులూ పంపేదానికి గిఫ్ట్ ఎయిడ్ రాదు, ఇండియాలో ఆదాయపు పన్ను 80జీ మినహాయింపు కూడా రాదు. మ్యాచ్ రోజు స్టేడియం గేటు దగ్గర సీలు వేసిన బకెట్ పట్టుకుని వేషంలో నిలబడాలంటే క్లబ్బు అనుమతి, వీధిలోనైతే కౌన్సిల్ లైసెన్సు కావాలి. బకెట్ పట్టుకునేది వేరే మనిషి అయితే మేలు, గ్లౌజుతో చిల్లర పట్టుకోవడం కుదరని పని.

రేసు నంబరు జెర్సీ మీద ఛాతీకి కనబడేలా పెట్టండి, టైమింగ్ చిప్ దాని వెనకే ఉంటుంది, పైన బొచ్చు వేలాడకూడదు. చంకలు, తొడలు, గడ్డం పట్టీ ఆనే చోటు, అన్నిటికీ వాజిలిన్ దట్టంగా, చనుమొనల మీద టేపు.

ఇంటికి రాగానే తల లోపల 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేసి, టేబుల్ ఫ్యాను ముందు బోర్లించి రెండు రోజులు ఆరనివ్వండి. డ్రయ్యర్లో మాత్రం వేయకండి, అక్రిలిక్ బొచ్చు కరిగి ముద్దకడుతుంది, ఆ తర్వాత క్లబ్బు వాళ్ళకు ఏ మొహం పెట్టుకుని చూపిస్తారు!