గేమ్ బొమ్మలతో డబ్బు సంపాదిద్దామనుకుంటున్న మా చిన్నాకి

చిన్నా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, వీడు రాత్రంతా కంప్యూటర్ ముందే, చదువు అటకెక్కింది, నువ్వైనా చెప్పు" అంది. చెప్పేముందు చూడాలి కదా అని నీ ఛానెల్ తెరిచి పదకొండు వీడియోలూ వరసగా చూశాను. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే వీడియో గేమ్‌లోని హెవీ అనే బొమ్మ ఉప్పల్‌లో సిటీ బస్సెక్కి, చిల్లర కోసం కండక్టర్‌తో గొడవపడేది మాత్రం రెండుసార్లు చూశాను. వాడు జేబు తడుముకునేటప్పుడు ముందు భుజం కదులుతుంది, చెయ్యి దాని వెనకాల వస్తుంది. మాదాపూర్‌లో పంతొమ్మిదేళ్లు క్యారెక్టర్ యానిమేషన్ చేశాను, ఆ సంగతి చెప్పినా అర్థం కాని కుర్రాళ్లని చాలామందిని చూశాను. నీకు చెప్పకుండానే వచ్చింది. కాబట్టి మానెయ్యమని నేను అనను, మీ అమ్మకి కూడా అదే చెప్పాను. డబ్బు దగ్గర మాత్రం నా మాట విను.

నువ్వు యానిమేషన్‌కి వాడే సోర్స్ ఫిల్మ్‌మేకర్‌ని, హెవీ ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ వాళ్లు 2012లో ఉచితంగా ఇచ్చారు. టూల్ ఉచితం, అంతమాత్రాన హెవీ నీ సొంతం అయిపోడు. వాళ్ల రూల్ వాళ్ల సైట్‌లోనే ఉంది, చిన్నదే, టీ తాగుతూ చదివెయ్యొచ్చు. వాళ్ల ఆటలతో వీడియో చేసి యూట్యూబ్‌లో పెట్టుకో, యూట్యూబ్ యాడ్స్ డబ్బు నువ్వే తీసుకో, అభ్యంతరం లేదు అంటారు. కానీ చూడ్డానికి జనం దగ్గర డబ్బు వసూలు చెయ్యకూడదు, ఆ వీడియోని ఇంకొకరికి అమ్మకూడదు, ఆట లోంచి గొంతులూ పాటలూ బొమ్మలూ విడిగా తీసి పంచకూడదు. అంటే మెంబర్‌షిప్ కట్టినవాళ్లకే కొత్త ఎపిసోడ్ చూపిద్దామన్న నీ ఆలోచన వదిలెయ్. హెవీ బొమ్మతో టీషర్ట్‌లు కూడా వద్దు.

కొత్తపేట బిర్యానీ హోటల్ ఆయన పదిహేను వేలిస్తాను, హెవీతో నా హోటల్ యాడ్ చేసిపెట్టు అన్నాడట కదా. అసలు టెన్షన్ అక్కడే ఉంది. అది ఇంకొకరికి వీడియో అమ్మడమే, ఇంకో పేరు లేదు దానికి. పదిహేను వేలు నీకు పెద్ద మొత్తమే, నాకు తెలుసు. పని ఒప్పుకో, హెవీని పక్కన పెట్టు, నువ్వే ఒక వంటమాస్టర్ బొమ్మ చేసి ఇవ్వు. పది రోజులు ఎక్కువ అడుగు, ఇస్తాడు.

ఇంకో సంగతి, అన్ని కంపెనీలూ వాల్వ్ లాంటివి కావు. మైన్‌క్రాఫ్ట్, నింటెండో వాళ్లవి వేరే రూల్స్. వాళ్లు కూడా యాడ్స్‌కి ఒప్పుకుంటారు గానీ వీడియోలో నీ సొంత పని కనపడాలంటారు. వార్‌హామర్ అనే ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ అయితే అభిమానులు యానిమేషన్లు చెయ్యకూడదని 2021లో సూటిగా చెప్పేసింది. అందుకే ఒక ఎపిసోడ్‌లో రెండు ఆటల బొమ్మలు కలిపావంటే రెండు కంపెనీల రూల్సూ చదవాల్సిందే. నీ కండక్టర్ ఎక్కణ్ణుంచి వచ్చాడు? వాల్వ్ వాళ్ల స్టీమ్ వర్క్‌షాప్‌లో (ఆటగాళ్లు బొమ్మలు పంచుకునే చోటు) ఎవరో వేరే ఆట నుంచి పోర్ట్ చేసి, అంటే ఇందులో పనిచేసేలా మార్చి పెట్టినది దించుకున్నావు, డిస్క్రిప్షన్‌లో వాడికి క్రెడిట్ కూడా ఇచ్చావు, అది మంచి పద్ధతే. కానీ ఆ పోర్ట్ చేసినవాడికే దాని మీద హక్కు లేకపోతే నీకేం ఇవ్వగలడు? "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని కింద రాసినందువల్ల ఏ ఉపయోగమూ లేదు, తీసెయ్.

ఇది నాకు దెబ్బ తగిలి తెలిసిన విషయం. చాలా ఏళ్ల కిందట ఒక యాడ్ ఫిల్మ్‌లో రోడ్డు మీద పోయే కార్లు కావాల్సి వస్తే నెట్‌లో దొరికిన మోడల్ వాడేశాను. రేపు డెలివరీ అనగా క్లయింట్ తరఫు లాయరు ప్రతి బొమ్మకీ కాగితం చూపించమన్నాడు. వెతికితే తేలింది, ఆ కారుని ఎవరో ఒక రేసింగ్ గేమ్ లోంచి లాగి పెట్టారు. తొమ్మిది రాత్రులు కూర్చుని ఆ షాట్లన్నీ మళ్లీ చేశాం, నా టీమ్‌లో ఒకమ్మాయి తన అక్క నిశ్చితార్థానికి వెళ్లలేకపోయింది. ఆ పిల్ల ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ (ఇంకొకరి పాటో వీడియోనో వాడితే దానంతటదే పట్టేసే ఏర్పాటు) క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. నువ్వు వెనకాల సినిమా పాట వేశావనుకో, మామూలుగా క్లెయిమ్ వస్తుంది, ఆ వీడియో డబ్బు పాట వాళ్లకి పోతుంది, అంతే. స్ట్రైక్ అంటే హక్కుదారు వీడియో తీయించేశాడని. తొంభై రోజుల్లో అవి మూడు పడితే ఛానెలే పోతుంది. స్ట్రైక్ తప్పని కౌంటర్ నోటీసు పంపొచ్చు, కాకపోతే నీ పేరూ అడ్రసూ అవతలివాళ్లకి వెళ్తాయి, వాళ్లు కోర్టుకి వెళ్లే అవకాశం ఉంటుంది, కాబట్టి కోపంలో నొక్కకు. అందరూ ఫెయిర్ యూజ్ అంటుంటారు, అది అమెరికా మాట. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52 కింద సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తలు లాంటి వాటికే వెసులుబాటు, నీ బస్సు కథ వాటిలో దేనిలోనూ సులభంగా ఇమడదు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. నీ మీద ఎవరో కేసు వేస్తారని నేను అనుకోవడం లేదు, అయినా తెలిసి ఉండాలి.

యాడ్స్ డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో జనం నీ వీడియోలు చూసిన సమయం నాలుగు వేల గంటలు కావాలి. నువ్వు అక్కడికి చేరతావు. ఈలోగా బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో, అదీ ఉచితమే, అందులో నువ్వు చేసినది పూర్తిగా నీదే. ముందు కండక్టర్‌తో మొదలుపెట్టు. కామెంట్లు చూశావా, హెవీ గురించి ఒక్కడూ మాట్లాడలేదు, "చిల్లర లేదు, టికెట్ వెనక రాసిస్తా, దిగేటప్పుడు తీస్కో" అన్న డైలాగే అందరూ రాస్తున్నారు. ఆ మాటా నీదే, ఆ గొంతూ నీదే, ముఖం ఒక్కటే ఎవరిదో. ఆ ముఖం కూడా నువ్వే చెయ్యి. చెవి మీద పెన్ను, భుజానికి సంచి, రెండు రోజుల గడ్డం. పోరాటాలు చేసే రిగ్ (బొమ్మని కదిలించే లోపలి ఎముకల గూడు) అక్కర్లేదు, ముఖం, చేతులు బాగా కదిలితే చాలు.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను. ముందు పేపరు మీద కండక్టర్‌ని నాలుగు వైపుల నుంచీ గీసి తీసుకురా, రిగ్గింగ్ నేను చూపిస్తాను. సెమిస్టర్ హాల్ టికెట్ కూడా తెచ్చుకో, మీ అమ్మకి ఫొటో పంపాలి.

పెద్దమ్మ