అదనంగా చేసిన పనికి డబ్బు అడగవచ్చా?

ప్రశ్న: విజయవాడలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వ నమోదు) ఉంది. హైదరాబాద్‌లోని ఒక బట్టల దుకాణాల సంస్థకు బిల్లింగ్, స్టాక్ యాప్ రూ.9 లక్షలకు ఒప్పుకున్నాం. ఒప్పందమంటే రెండు పేజీల కొటేషనే. మధ్యలో వాట్సాప్‌లో అడిగినవన్నీ చేసిపెట్టాం. అప్పగించి నాలుగు నెలలైంది, దుకాణాల్లో వాడుతున్నారు. ఇప్పుడు ‘ఇంకా పూర్తి కాలేదు’ అంటూ రూ.4 లక్షలు ఆపారు. అదనపు పనికి పైసా ఇవ్వమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, కోపంలో సర్వర్ ఆపడం, పాస్‌వర్డులు మార్చడం చేయకండి. అనుమతి లేకుండా వాళ్ల సిస్టమ్‌ను అడ్డుకుంటే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 43వ సెక్షన్ కింద మీరే పరిహారం కట్టాల్సి రావచ్చు. దురుద్దేశం రుజువైతే 66వ సెక్షన్ కింద శిక్ష కూడా ఉంటుంది.

రూ.4 లక్షల విషయంలో చట్టం మీ వైపే ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం, 2006 ప్రకారం సేవ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. చెల్లింపు గడువు రాసుకోకపోతే ఆ రోజు నుంచి 15 రోజుల్లో, రాసుకున్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఫిర్యాదు మన రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లోనే (ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే మండలి) వేయవచ్చు, హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. తీర్పు మీకు అనుకూలంగా వస్తే, దాన్ని సవాలు చేయడానికి వాళ్లు తీర్పు మొత్తంలో 75 శాతం జమ చేయాలి. అయితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కొటేషన్ కంటే ముందుదేనా, చూసుకోండి. తర్వాతిదైతే ఈ చట్టం మీకు వర్తించదంటూ అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

అదనపు పని కొంచెం కష్టం. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా చేసిన పని ఫలితం అనుభవించినవారు పరిహారం ఇవ్వాలి. కానీ ఆ పని కొటేషన్‌లో లేనిదని మీరే చూపించాలి. ఒక్కో మెసేజ్ తేదీ, అడిగింది, కోడ్ చేరిన తేదీ, పట్టిన గంటలు పట్టికగా రాయండి. చాట్ ఉన్న ఫోను మార్చకండి. ఎలక్ట్రానిక్ రికార్డు అసలైనదేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుండా కోర్టులో స్క్రీన్‌షాట్లు నిలబడవు.

నిజానికి మీ ఇబ్బందికి మూలం ధర కాదు. ‘పూర్తయింది’ అంటే ఏమిటో, ఎప్పుడో కొటేషన్‌లో లేదు. ఈసారి ఒప్పందం అనుబంధంలో స్క్రీన్లు, వినియోగదారుల రకాలు, ట్యాలీ (అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్) ఏ వెర్షన్‌తో, ఏ పేమెంట్ గేట్‌వేతో కలపాలో, పాత స్టాక్ డేటా ఎన్ని రికార్డులో, దాన్ని శుభ్రం చేసేదెవరో రాయండి. ‘ఇందులో లేనివి’ అనే జాబితా తప్పక పెట్టండి. గొడవలు ఎక్కువగా అక్కడే ఆగుతాయి. అవసరాలు వాళ్లకే తెలియకపోతే రెండు మూడు వారాల అధ్యయనాన్ని వేరే చిన్న ఒప్పందంగా, వేరే ఫీజుతో చేయండి.

మార్పు అడిగితే ఒక పేజీ ఛేంజ్ రిక్వెస్ట్: ఎంత డబ్బు, ఎన్ని రోజులు, ఎవరి ఈమెయిల్ ఆమోదం చెల్లుతుంది. పరీక్షకు 10 పని దినాలు ఇచ్చి, లోపాలు రాతలో రాకపోయినా, అసలు బిల్లులకు వాడటం మొదలుపెట్టినా అంగీకరించినట్టేనని రాయండి. చివరి వాయిదాను వాళ్ల ప్రారంభోత్సవానికి ముడిపెట్టకండి, ప్రారంభోత్సవం వెనక్కి జరిగితే మీ డబ్బూ ఆగుతుంది.

కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో రాసివ్వనిదే కోడ్ హక్కు మారదు. పూర్తి చెల్లింపు అందాకే హక్కు బదిలీ అవుతుందని రాయండి. మీ దగ్గర పనిచేసిన ఫ్రీలాన్సర్ల నుంచీ ముందే అలాంటి పత్రం తీసుకోండి, లేకపోతే వాళ్లు రాసిన భాగం మీరు బదిలీ చేయలేరు.